కంకుల కుచ్చు కట్టిన వసారా

మొగుడు భీమశంకర్ కారు వీధి మలుపు తిరిగేదాకా తలుపు దగ్గర నిలబడడం, తరవాత చీపురు తీసుకుని వసారా ఊడవడం, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్ వచ్చినప్పటినుంచీ అనంతలక్ష్మికి అలవాటు. ఊడ్చి, చెంబుడు నీళ్ళు చల్లి, గుమ్మం ముందు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసేది. పెద్ద ముగ్గులు వేసే ఓపిక ఆవిడకు ఉంది గానీ ఉడతలకు లేదు. ఆవిడ నడుం ఎత్తకముందే ఒక మూలనుంచి నాకడం మొదలుపెట్టేవి. లోపలికి వెళ్ళి కాఫీ తాగి వచ్చేసరికి ముగ్గు ఉండేది కాదు, ఉడతల మూతులు మాత్రం తెల్లగా ఉండేవి. ముగ్గుపిండి చీమలకూ పిట్టలకూ చెందినదే కాబట్టి ఆవిడ ఏమీ అనుకునేది కాదు.

అది పందొమ్మిది వందల ఎనభై, అక్టోబరు నెల. ఆ ఇల్లు కొని నాలుగేళ్ళయింది. అంతకు ముందంతా భీమశంకర్ ఉద్యోగాల వెంట ఊరూరా తిరగడమే. టొలీడోలో కట్టిన అట్టపెట్టెలు విప్పకుండానే పిట్స్‌బర్గ్ నుంచి ఇంకో ఊరికి మోసుకెళ్ళిన సందర్భం కూడా ఉంది. ఒక్కో చోట ఆవిడ నాలుగు మొక్కలు పెట్టుకునేది, నలుగురిని మంచి చేసుకునేది, మళ్ళీ అందరినీ అన్నిటినీ వదిలేసి కారెక్కేది. పిల్లలు లేరు కదా, మీకు కదలడం ఎంతసేపు అని అందరూ అనేవారు. పిల్లలు లేనివాళ్ళకే అది ఎక్కువ కష్టమని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఈ ఇంట్లో పాలు పొంగించిన రోజున మాత్రం మొగుడి చెయ్యి పట్టుకుని, ఇక కదలం కదా అని అడిగింది. కదలమని మాటిచ్చాడు. ఆ ఒక్క మాటను నమ్ముకుని ఆవిడ పెట్టెలన్నీ విప్పి, ఖాళీ అట్టలు చెత్తబండికి ఎత్తేసింది.

ఆ మొదటి ఏడు వీధిలో ప్రతి గుమ్మం ముందూ గుమ్మడికాయలు కనబడేసరికి అమెరికావాళ్ళకు దిష్టి భయం ఇంతుందా అని ఆశ్చర్యపోయింది. పాపం, వీళ్ళకు కట్టడం చేతకాక మెట్ల మీద పెట్టి ఊరుకున్నారనుకుంది. తను ఒక కాయకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తాడుతో ఉట్టి అల్లి, వసారా చూరుకు వేలాడదీసింది. పక్కింటి నోవాట్నీ ముసలమ్మ అది చూసి మురిసిపోయి తన కాయకు కూడా అలాగే చేసిపెట్టమంది. వారం తిరక్కుండా వీధిలో మూడిళ్ళకు దిష్టి గుమ్మడికాయలు వేలాడాయి. హాలోవీన్ అంటే ఏమిటో ఆవిడకు తెలిసేసరికి పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని సంచులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ళ సంచుల్లో తలా గుప్పెడు జంతికలు పోసి పంపింది.

కంకుల కుచ్చు కట్టింది కూడా అప్పుడే. కోనసీమలో ఆవిడ పుట్టింటివైపు కోతలయ్యాక వరి కంకుల్ని జడలా అల్లి, పిట్టలు తినడానికి ఇంటి చూరుకు కడతారు. ఇల్లినాయ్‌లో వరి లేదు. షామ్‌బర్గ్ శివారులో అప్పటికింకా కొన్ని పొలాలు మిగిలి ఉన్నాయి. అక్కడ ఒక రైతునడిగి మోపెడు ఓట్స్ కంకులు తెచ్చుకుని, తడిపి, గింజలన్నీ బయటికి వేలాడేట్టు అల్లి, వసారా మధ్యలో కొక్కేనికి తగిలించింది.

ఆ ఏడు చలికాలం ఆ వసారాలోకి రాలేదు. కుచ్చు వేలాడుతున్నంత కాలం చూరు కింద అక్టోబరు నెలే. రెయిలింగుకు అవతల మోకాలి లోతు మంచు. ఇవతల పల్చటి ఎండ, చామంతుల వాసన, పైన చెట్టు లేకపోయినా ఉండుండి ఒక్కొక్కటిగా రాలే ఎర్రటి మేపుల్ ఆకులు. డెబ్భై తొమ్మిది జనవరిలో కార్లు కనబడనంత మంచు కురిసి షికాగో అంతా స్తంభించిపోయినప్పుడు కూడా ఆ వసారాలో గుమ్మడికాయ మెత్తబడలేదు. ఉగాది దగ్గరపడి బయట మంచు కరిగాక ఆవిడ కుచ్చు విప్పేది. విప్పిన గంటకల్లా వసారాలోకి వసంతం వచ్చేది.

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఇది ఇండియావాళ్ళ పద్ధతి కాబోలని అమెరికావాళ్ళు అనుకున్నారు. ఇది అమెరికా ఇళ్ళలో ఉండే సౌకర్యం కాబోలని తెలుగువాళ్ళు అనుకున్నారు. ఉత్తరాలు పంచే ఎర్ల్ జనవరిలో ఆ మెట్లెక్కి, చేతి తొడుగులు విప్పుకుని, కాసేపు కూర్చుని పోయేవాడు. నోవాట్నీ ముసలమ్మ మోకాళ్ళ నొప్పులు ఓర్చుకోలేక తన ఉన్ని అల్లిక తెచ్చుకుని అక్కడే మధ్యాహ్నాలు గడిపేది.

జంతువులూ పిట్టలూ సరేసరి. కుందేళ్ళు, చారల ఉడతలు, గడ్డిమోపుల కింద కప్పలు. దక్షిణానికి ఎగిరిపోవలసిన రాబిన్ పిట్టలు, మెక్సికో దారి పట్టవలసిన నారింజరంగు సీతాకోకచిలుకలు ఈ వసారా చూసుకుని ప్రయాణం మానుకునేవి. ఏటేటా వాటి సంఖ్య పెరుగుతూ వచ్చింది. పొద్దున్నే తలుపు తీయగానే అవన్నీ ఒకసారి తనవైపు చూసి, మళ్ళీ తమ పనుల్లో పడడం అనంతలక్ష్మికి ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేం. ఎన్నో ఊళ్ళలో అందరినీ వదిలేసి వచ్చిన మనిషికి, తనను చూసుకుని ఆగిపోయినవాళ్ళు ఉన్నారంటే మాటలా.

భీమశంకర్‌కు ఇవేవీ పట్టేవి కావు. ఉడతలు కారు మీద గోళ్ళతో గీస్తున్నాయనీ, వసారా అంతా రెట్టలనీ సణగడం తప్ప నాలుగేళ్ళలో అతను ఆ వసారా గురించి ఒక మంచి మాట అన్నది లేదు. అలాంటిది ఆ అక్టోబరులో ఒక శనివారం కారు డిక్కీ నిండా చామంతి కుండీలు తెచ్చాడు. మర్నాడు గడ్డిమోపులు, ఆ మర్నాడు మొక్కజొన్న దంట్లు, ఆకురాలు కాలంలో అమెరికావాళ్ళు ఇళ్ళ ముందు పెట్టుకునేవన్నీ. తనే స్వయంగా దింపి మెట్ల పక్కన పెట్టాడు.

"ఈసారి బాగా చెయ్యి లక్ష్మీ. వీధిలో ఎవరూ చెయ్యనంత బాగా చెయ్యి" అన్నాడు.

ఆవిడ పొంగిపోయింది. ఇన్నేళ్ళకు ఈ మనిషికి తన చేతిపని కనబడిందనుకుంది. ఆ సంతోషం దాచుకోలేక సుమతికి ఫోన్ చేసి సిగ్గుపడుతూ చెప్పింది.

సుమతి దామోదర్ భార్య. దామోదర్ భీమశంకర్‌తో పాటు పనిచేసే ఇంజనీరు, లైసెన్స్ తీసుకుని శని ఆదివారాలు ఇళ్ళు అమ్మించే పని కూడా చేస్తాడు. షామ్‌బర్గ్‌లో అనంతలక్ష్మికి తోబుట్టువు లాంటి మనిషి ఎవరంటే సుమతే. జ్వరమొస్తే చారన్నం తెచ్చేది, ఊరు గుర్తొస్తే ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడేది. చామంతుల సంగతి విని సుమతి, నువ్వు అదృష్టవంతురాలివి వదినా అంది.

ఆ నెలంతా సుమతి శనివారం శనివారం వచ్చి సాయం చేసింది. వాన నీళ్ళకు గడ్డిమోపులు కుళ్ళకుండా కింద ఇటుకలు పేర్చారు. ఈదురుగాలికి పడిపోకుండా మొక్కజొన్న దంట్లను స్తంభాలకు చుట్టి కట్టారు. తడిసిన ఆకుల మీద కాలు జారకుండా మెట్ల మీద గోనెపట్టాలు పరిచారు. ఉడతలు కొరక్కుండా గుమ్మడికాయలకు కారం పూస్తే మంచిదని సుమతి అంటే, అనంతలక్ష్మికి ఒళ్ళు మండింది. తినడానికి పిలిచి నోట్లో కారం కొడతామా అని కసిరింది. సుమతి తల దించుకుని ఇటుకలు సర్దుతూ కూర్చుంది.

కుచ్చు ఈసారి ఎప్పటికన్నా రెండింతలు పెద్దది అల్లారు.

ఆదివారాలు దామోదర్ ఎవరెవరో అమెరికా దంపతులను వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. మన పోర్చ్ గురించి ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది, చూడ్డానికి వస్తున్నారని భీమశంకర్ చెప్పాడు. ఇంటికొచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపే అలవాటు అనంతలక్ష్మికి లేదు. కాఫీలిచ్చింది, పకోడీలు వేయించి పెట్టింది. లోపల కూడా చూస్తామంటే సంతోషంగా తిప్పి చూపించింది, వంటింటి అరలు తెరిచి మరీ చూపించింది. వాళ్ళలో మిసెస్ హాల్వర్‌సన్ అనే ఆవిడ మళ్ళీ మళ్ళీ వచ్చింది. వేళ్ళ కీళ్ళు వాచిపోయి, చలికి తట్టుకోలేని మనిషి. వసారాలో ఉయ్యాలబల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఎండ కాచుకునేది. వెళ్ళేటప్పుడు అనంతలక్ష్మి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో ఒక మంచి మాట చెప్పి వెళ్ళేది.

దీపావళికి తెలుగువాళ్ళంతా ఒకరింట్లో చేరినప్పుడు, వచ్చే ఏడాది కార్తీకంలో వనభోజనాలు మా పెరట్లోనే అని అనంతలక్ష్మి అందరినీ పిలిచింది.  అందరూ పళ్ళేల్లోకి చూసుకున్నారు. పులిహోరలో ఉప్పు ఎక్కువైందేమోననుకుంది ఆవిడ.

డిసెంబరు మొదట్లో, భీమశంకర్ ఆఫీసులో ఉన్న వేళ, మిసెస్ హాల్వర్‌సన్ ఒక్కతే వచ్చింది. ఆవిడ చేతిలో కొలతల టేపు ఉంది. వసారా పొడవు, వెడల్పు కొలిచింది. ఉయ్యాలబల్లకు రెయిలింగుకు మధ్య ఎంత జాగా ఉందో కొలిచింది. తన తల్లి వాడిన పడక కుర్చీ సరిగ్గా పడుతుందని సంతోషపడింది. అనంతలక్ష్మి నవ్వుతూ చూస్తూ నిలబడింది, ఎందుకు కొలుస్తోందో అర్థం కాక.

అప్పుడావిడ టేపు చుట్టుకుంటూ చెప్పింది. ఫిబ్రవరిలో తాము దిగేనాటికి ఈ అలంకరణ అంతా ఇలాగే వదిలి వెళ్తారని దామోదర్ చెప్పాడట. కంకుల కుచ్చు కూడా ఇంటితోపాటే అట. ఎంత మంచి మనసు మీది అంది. హ్యూస్టన్‌లో మీకు దీని అవసరం ఉండదు లెండి, అక్కడ చలే లేదు అని కూడా అంది.

 అనంతలక్ష్మి పక్కనున్న స్తంభం పట్టుకుంది. చెప్పుకుంటే ఎవరూ నమ్మరు గానీ, ఆ స్థితిలో కూడా అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళి ఆవిడకు కాఫీ తెచ్చి ఇచ్చింది.

ఆవిడ వెళ్ళాక సుమతికి ఫోన్ చేసింది.

"హ్యూస్టన్ ఎవరు వెళ్తున్నారు సుమతీ?"

అవతల సుమతి తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"అన్నయ్యగారే చెప్పొద్దన్నారు వదినా. తనే చెప్తానన్నారు. మా ఆయన కూడా నన్ను నోరెత్తొద్దన్నారు."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"సెప్టెంబర్ నుంచి."

సెప్టెంబరు అంటే చామంతులకు ముందు. ఇటుకలకు ముందు. కుచ్చు అల్లుతూ ఇద్దరూ ఒకే చాప మీద మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చున్న మధ్యాహ్నాలకు ముందు. తన వెనక అందరూ గుసగుసలాడుకుంటూ ఉంటే, తను మాత్రం వచ్చే ఏడాది వనభోజనాలకు పిలుపులు పిలుస్తూ తిరిగింది. అనంతలక్ష్మికి ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం భీమశంకర్ షూ విప్పుకోకముందే అడిగింది. దాచి ఇక లాభం లేదని చెప్పేశాడు. హ్యూస్టన్‌లో ఆయిల్ కంపెనీలో ఆఫర్ వచ్చింది, జనవరిలో జాయిన్ అవ్వాలి. అక్కడ చలి లేదు, ఇంతకు రెండింతల ఇల్లు వస్తుంది. చెబితే ఏడుస్తావని చెప్పలేదు, అంతా సెటిల్ అయ్యాక సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను అన్నాడు.

"కదలమని మాటిచ్చారు" అంది.

"అప్పటి సిచ్యుయేషన్ వేరు లక్ష్మీ. నీకు ఈ విషయాలు తెలియవు." అని, ఆవిడ మొహం చూసి, అనునయంగా అన్నాడు. "నిజానికి ఇల్లు అమ్మింది నేను కాదు, దామోదర్ కాదు. నీ పోర్చ్. ఈ ఇంటరెస్ట్ రేట్లలో ఎవడు కొంటున్నాడు చెప్పు? ఫాల్‌లో పోర్చ్ బాగా డెకరేట్ చేయించు, దాన్ని చూసే కొంటారని దామోదర్ అన్నాడు. అలాగే జరిగింది."

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. అదే ఆవిడను నిలువునా కోసేసింది. ఇల్లు పోవడం ఒక ఎత్తు. తన ఇంటిని అమ్మడానికి తన చేతుల్నే వాడుకోవడం ఇంకో ఎత్తు. చామంతి కుండీలు దింపుతుంటే పొంగిపోయిన తన మొహం గుర్తుకొచ్చి, తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు అతను ఆఫీసుకు బయల్దేరినప్పుడు ఆవిడ కారు మలుపు తిరిగేదాకా నిలబడలేదు. ముగ్గు వేయలేదు. వంటింట్లో స్టూలు తెచ్చి వసారా మధ్యలో వేసి ఎక్కింది. కుచ్చు విప్పితే గంటలో చలి లోపలికి వస్తుంది. మంచుగాలి కొట్టే మామూలు వసారాను చూసి ఏ హాల్వర్‌సనూ కొనదు. వాళ్ళ ఎత్తు వాళ్ళకే తిప్పికొట్టినట్టవుతుంది. కొక్కెం మీద చెయ్యి వేసింది.

వేసి, కిందికి చూసింది. అప్పటికి అవతల మంచు కురుస్తోంది, నీళ్ళు గడ్డకట్టే చలి. స్టూలు చుట్టూ రాబిన్ పిట్టలు గింజల కోసం తలెత్తి చూస్తున్నాయి, ఆవిడ స్టూలెక్కితే కొత్త కంకులు పెడుతుందని వాటికి తెలుసు. రెయిలింగు పొడవునా సీతాకోకచిలుకలు రెక్కలు ముడుచుకుని వరసగా ఉన్నాయి. అవి వెళ్ళవలసిన సమయానికి వెళ్ళలేదు. ఆవిడను నమ్మి ఆగాయి. ఇప్పుడు ఈ ముడి విప్పితే సాయంత్రానికి సీతాకోకచిలుక ఒక్కటి మిగలదు, పిట్టల్లో మిగిలేవి ఎన్నో తెలియదు. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో నిన్ననే తెలుసుకున్న మనిషి, మర్నాడే ఆ పని తను చేయలేకపోయింది. స్టూలు దిగి, దాని మీదే కూర్చుని, అప్పుడు ఏడ్చింది. ఎర్ల్ ఉత్తరాలు తెచ్చి, ఏమీ అడక్కుండా మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు.

శనివారం దామోదర్, సుమతి సర్దిచెప్పడానికి వచ్చారు. ఇల్లు మొగుడూపెళ్ళాలిద్దరి పేరా ఉంది, ఆవిడ సంతకం లేకుండా అమ్మకం జరగదు. అందుకని దామోదర్ మాటలు తేనె పూసినట్టున్నాయి. అనంతలక్ష్మి వాళ్ళను వసారాలోనే కూర్చోబెట్టి, నిలబడే చెప్పింది.

"సంతకం పెట్టనని నేననలేదు అన్నయ్యగారూ. కానీ ఇవన్నీ నన్ను నమ్ముకుని ఆగిపోయాయి. వీటిని మంచులోకి తోసి నేను కారెక్కలేను. ఈ వసారాలో ఆకురాలు కాలం అయిపోయిన రోజున సంతకం పెట్టి వచ్చేస్తాను. అది అయిపోయేదాకా నన్నెవరూ అడగకండి."

ఇంతేనా అన్నట్టు భీమశంకర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఏటా ఉగాదికి కుచ్చు దిగుతుందని అందరికీ తెలిసిందే. హాల్వర్‌సన్ వాళ్ళను ఏప్రిల్ దాకా ఆపడం పెద్ద కష్టం కాదని దామోదర్ లెక్క వేశాడు. సరే, నీ ఇష్టప్రకారమే కానివ్వు అన్నాడు భీమశంకర్, ఉదారంగా.

జనవరిలో అతను స్వెటర్లు, కోట్లు అన్నీ ఎవరికో ఇచ్చేసి హ్యూస్టన్ వెళ్ళిపోయాడు. ఆవిడ ఒక్కతే ఉంది. నోవాట్నీ ముసలమ్మ కూతురు చెప్పి పెడితే దగ్గర్లో స్కూలు క్యాంటీన్‌లో మధ్యాహ్నం పనికి చేరింది. పిల్లలకు పళ్ళేల్లో వడ్డిస్తున్నంతసేపూ బాగానే ఉండేది. ఇంటికొచ్చి పెద్ద గిన్నె తీసి, ఒక్కదానికే కదా అని చిన్న గిన్నెలో బియ్యం పోసేటప్పుడు మాత్రం కోపం మళ్ళీ మొదటికొచ్చేది. ఆదివారాలు భీమశంకర్ ఫోన్ చేసి అక్కడి ఎండ గురించి చెప్పేవాడు. ఆవిడ విని పెట్టేసేది. సుమతి అప్పుడప్పుడు వచ్చి వసారాలో కూర్చునేది. అనంతలక్ష్మి పొమ్మనలేదు, లోపలికి రమ్మనలేదు. ఒకరోజు సుమతి కళ్ళనీళ్ళు పెట్టుకుని, నన్ను క్షమించు వదినా అంది. చూద్దాంలే అంది అనంతలక్ష్మి. 

ఆవిడేదో ఎత్తు వేసిందని తరవాత కొందరన్నారు. అదంతా కల్ల. ఉగాది ముందురోజు ఆవిడ సామాను సర్దుకుంది. ఎన్నిసార్లు చేసిన పనో, చేతులకు అలవాటే. మాటంటే మాటే, తన మొగుడిలాగా కాదని చూపించాలన్న పంతం కూడా కొంత ఉంది. ఉగాది పొద్దున తలంటుకుని, స్టూలెక్కి, ఏటా విప్పినట్టే కుచ్చు విప్పింది. అందులో గింజలేమీ మిగల్లేదు. ఊచలు తీసుకెళ్ళి పెరట్లో మొక్కల మొదట్లో వేసింది. వచ్చి, వసారాలో కూర్చుని, వసంతం కోసం ఎదురుచూసింది.

గంటయింది. మధ్యాహ్నమైంది. మెట్లకు అవతల పచ్చగడ్డి మొలుస్తోంది, నోవాట్నీ వాళ్ళ చెట్టు మొగ్గ తొడిగింది. వసారాలో మాత్రం అదే పల్చటి ఎండ. ఆవిడ ఒళ్ళో ఒక ఎర్రటి ఆకు వచ్చి పడింది.

మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. చామంతులు కొత్త మొగ్గలు వేశాయి. పిట్టలు కదల్లేదు. సీతాకోకచిలుకలు బయటికి ఎగిరి, తిరిగి వచ్చి రెయిలింగు మీదే వాలాయి. ఆదివారం ఫోన్ రాగానే ఉన్నదున్నట్టు చెప్పింది.

"కుచ్చు విప్పావా?"

"విప్పాను."

"మరి?"

"ఇంకా అయిపోలేదండీ."

నమ్మకం లేక అతను దామోదర్‌ను చూసి రమ్మన్నాడు. మే నెల మధ్యలో దామోదర్ వచ్చాడు. ఖాళీ కొక్కెం చూశాడు, పెరట్లో కుళ్ళుతున్న ఊచలు చూశాడు, వసారాలో నిలబడి చొక్కా బొత్తాలు పైదాకా పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పింది నిజమేనని వెళ్ళి ఫోన్ చేశాడు. జూన్ దాకా ఆగి మిసెస్ హాల్వర్‌సన్ కూడా వచ్చింది. చాలాసేపు కూర్చుని, ఇది మీ దగ్గర్నుంచి కదిలేట్టు లేదని తనే చెప్పింది. తామిద్దరూ వేరే ఇల్లు చూసుకున్నామంది, అప్పుడప్పుడు వచ్చి కూర్చోవచ్చా అని అడిగింది. రావచ్చంది అనంతలక్ష్మి. ఆవిడ తప్పేముంది ఇందులో.

ఎర్ల్ ఇప్పుడు ఎండకు తాళలేక ఆ మెట్లెక్కి చెమట తుడుచుకుంటున్నాడు. అనంతలక్ష్మి సర్దిన సామానులో వంటగిన్నెలు ముందు బయటికొచ్చాయి, తరవాత చీరలు, తరవాత దేవుడి పటాలు. పొద్దున్నే ముగ్గు వేయడం మళ్ళీ మొదలుపెట్టింది. హ్యూస్టన్‌కు ఆదివారం ఆదివారం అదే మాట చెబుతూ వచ్చింది. మొదట్లో చేస్తున్న పని ఆపి చెప్పేది, రాను రాను కూర తరుగుతూనే చెప్పడం మొదలుపెట్టింది.

ఆగస్టులో ఒక శనివారం భీమశంకర్ చెప్పకుండా ఎయిర్‌పోర్ట్‌లో టాక్సీ ఎక్కి వచ్చేశాడు. షికాగో అంతా ఉక్కపోతతో ఉడికిపోతోంది. పొట్టి చేతుల చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. సూట్‌కేసు పట్టుకుని మెట్లెక్కి వసారాలో అడుగు పెట్టేసరికి, చల్లటి గాలి తగిలి ఒళ్ళు ఝల్లుమంది. కుందేళ్ళు అతన్ని చూసి గడ్డిమోపుల వెనక్కి తప్పుకున్నాయి. రెయిలింగు మీద సీతాకోకచిలుకలు ఒక్కసారి రెక్కలు విప్పి మళ్ళీ ముడుచుకున్నాయి. పైకి చూశాడు. చూరు ఉంది, కొక్కెం ఉంది, చెట్టు లేదు. పసుప్పచ్చటి ఆకు ఒకటి అతని భుజం మీద పడింది.

లోపల కుక్కర్ కూత వినబడింది. తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. తన తాళంచెవి పోయిన అక్టోబరులో దామోదర్‌కు ఇచ్చేశాడు, తాము ఇంట్లో లేనప్పుడు కూడా వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించుకోమని. బేరం తప్పిపోయాక దామోదర్ దాన్ని అనంతలక్ష్మి చేతిలో పెట్టేశాడు. భీమశంకర్ కాసేపు తలుపు వంక చూసి, బెల్ నొక్కాడు.

"ఎవరండీ?" అంది లోపలినుంచి.

"నేనే."

"నేనే అంటే?"

అతను గొంతు సవరించుకుని, ఆఫీసులో కొత్తవాళ్ళకు చెప్పినట్టు, పేరు చెప్పాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఇంకా అయిపోలేదండీ" అంది ఆవిడ తలుపుకు అవతలినుంచి, మామూలు గొంతుతో. "పొయ్యి మీద పనుంది. కూర్చోండి, వస్తాను."

అడుగులు వంటింట్లోకి వెళ్ళిపోయాయి. భీమశంకర్ సూట్‌కేసు కింద పెట్టి, గడ్డిమోపు మీద కూర్చుని, చలికి చేతులు చంకల్లో దూర్చుకున్నాడు.